నాయనమ్మ చెప్పింది మనకు, ఊరందరికీ కాదు



విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకునే నాలాంటి ఎరుకల పిల్లలకు ఇంటి కబుర్లన్నీ బంధువుల వాట్సాప్ గ్రూపులోనే. పోయిన సంక్రాంతికి మా నాయనమ్మ చేత అందులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టించాను. వాళ్లమ్మ చిన్నప్పుడు స్టువర్టుపురం సెటిల్‌మెంటులో హాజరు ఎలా వేయించుకునేవాళ్లో, చుట్టం చనిపోతే వెళ్లడానికి కూడా చీటీ ఎలా అడగాల్సి వచ్చేదో మా ఎరుకల మాటలోనే చెప్పింది. పదకొండు నిమిషాలు. మధ్యలో రెండుసార్లు ఆగింది.

నెల తిరక్కుండానే అది యూట్యూబ్‌లో కనిపించింది. వెనక సినిమా మ్యూజిక్, పైన 'దొంగల ఊరి రహస్యాలు' అని హెడ్డింగు. ఫార్వర్డ్ చేసింది మనవాళ్లే, అభిమానంతోనే చేసి ఉంటారు. నాయనమ్మకు చూపించాను (చూపించకుండా ఉండాల్సింది). "మీకు చెప్పానే గానీ, ఊరందరికీ చెప్పానా?" అంది. అప్పట్నుంచి ఫోన్ కనిపిస్తే నోరు విప్పదు.

పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1871లో వచ్చింది, 1952లో పోయింది. కానీ ఈరోజుకీ స్టువర్టుపురం అని వెతికితే ముందు వచ్చేది దొంగల కథలే. 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' సినిమా కూడా ఆ కోవలోదే. అందుకే మన కథలన్నీ నెట్‌లో పెట్టేయాలని కొందరు అన్నలు అంటున్నారు. మనం చెప్పకపోతే వాళ్లు చెప్పిందే మిగులుతుంది, నిజమే. కానీ ఆ కథ నొక్కినవాడి ఒక్కడిదే అన్నట్టు ఉంటుంది ఆ షేర్ బటన్. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఉండగా చిన్నవాడు ఒక్కడే తేల్చేసే పద్ధతి ఎప్పుడుంది?

ఇంకో చిక్కు. మా మాటకు వాడుకలో ఉన్న సొంత లిపి లేదు. వాయిస్ టైపింగ్‌కి ఇస్తే తలాతోకా లేని తెలుగు వస్తుంది. కాబట్టి మాకు గొంతే పుస్తకం. ఆ గొంతేమో ఫోన్‌లో ఒట్టి నంబర్ల పేరుతో పడి ఉంటుంది, మెమరీ నిండితే గుడ్ మార్నింగ్ ఫొటోలతో పాటే డిలీట్ అయిపోతుంది. చెప్పేవాళ్ల పేరు, ఊరు, ఇది ఎవరిదాకా వెళ్లొచ్చో రికార్డింగ్ మొదట్లోనే వాళ్ల నోటితో చెప్పించి, ఇద్దరి దగ్గరైనా కాపీ ఉంచితే బాగుంటుందని నా ఆలోచన. యానాది, సుగాలి ఫ్రెండ్స్, మీ ఇళ్లలో ఎలా దాస్తున్నారో రాయండి.

దసరాకి ఇంటికెళ్తున్నా. ఈసారి ఫోన్ సంచిలోనే ఉంచి నాయనమ్మ పక్కన కూర్చుంటా. తీయమంటే తీస్తా.