సంతకం ఎవరిది?

మధ్యాహ్నం భోజనానికి క్వీన్ స్ట్రీట్ మీద నడుస్తుంటే ఎక్కడో ఒకచోట తెలుగు మాట వినబడుతుంది. ఆక్లాండ్ నడిబొడ్డున ఉన్న బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో మనవాళ్ళు చాలామందే పనిచేస్తున్నారు. అందుకే ఈ విషయం మనది కూడా అంటున్నాను.

నేను గతంలో పనిచేసిన ఒక ఆర్థిక సంస్థలో కొత్త సిస్టం మొదలుపెట్టిన రాత్రే కస్టమర్ల చెల్లింపులు నిలిచిపోయాయి. విచారణ జరిగింది. ఏ కోడు ఎవరు రాశారో, ఎవరు సరేనన్నారో గంటా నిమిషాలతో సహా దొరికింది. ఆరు వారాల టెస్టింగును రెండు వారాలకు కుదించమన్నది ఎవరో మాత్రం ఎక్కడా రాసి లేదు. కమిటీ నిర్ణయమన్నారు. చివరికి ఉద్యోగం పోయింది ఒక కాంట్రాక్టు టెస్టరుకి.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018లో ఇలాగే సిస్టం మార్చబోయి లక్షలాది ఖాతాదారులను అవస్థ పెట్టింది. కానీ అక్కడ 2016 నుంచి ఒక నిబంధన ఉంది. బ్యాంకులోని పై అధికారుల్లో ఎవరు దేనికి బాధ్యులో ముందే పేరుతో సహా రాసి ఉండాలి. 2022లో బ్యాంకుకి జరిమానా పడింది. అంతటితో ఆగలేదు. 2023లో అప్పటి ఐటీ అధిపతి కార్లోస్ అబార్కాకి కూడా 81,620 పౌండ్ల జరిమానా వేశారు. ఆస్ట్రేలియా కూడా 2018లో బ్యాంకులకు ఇలాంటి చట్టం పెట్టి, 2024 నుంచి దాన్ని విస్తరించింది.

మరి న్యూజీలాండ్ సంగతి? ఏఎన్‌జెడ్ బ్యాంకు 2014 నుంచి ఆమోదం లేని పద్ధతిలో మూలధనం లెక్క కట్టిందని, అయినా అంతా సక్రమమేనని డైరెక్టర్లు ధ్రువీకరిస్తూ వచ్చారని 2019 మేలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. సొంతంగా ఆ లెక్క కట్టుకునే అనుమతిని రద్దు చేసింది. శిక్ష సంస్థకే, మనిషికి కాదు. 2023 నాటి డిపాజిట్ టేకర్స్ చట్టం డైరెక్టర్ల మీద బాధ్యత పెట్టింది. అది అమలయ్యేది 2028లో. రోజువారీ నిర్ణయాలు తీసుకునే పై అధికారులను మాత్రం వదిలేసింది.

పెద్ద బ్యాంకులు నాలుగూ ఆస్ట్రేలియావే కదా, అక్కడి చట్టం చాలదా అంటారు కొందరు. అక్కడి చట్టం జవాబు చెప్పించేది అక్కడి నియంత్రణ సంస్థలకు. మన డిపాజిట్లు ఇక్కడున్నాయి. కివీబ్యాంక్ లాంటివి ఆ చట్టం కిందికే రావు. చిన్న దేశానికి ఇంత కాగితం పని ఎందుకన్న అభ్యంతరంలో కొంత నిజముంది. చిన్న సంస్థలకు సడలింపు ఇవ్వవచ్చు.

జైళ్ళు ఉన్నాయి కదా అనకండి. ఆక్లాండ్‌లో బ్రిడ్జ్‌కార్ప్ 2007లో కూలింది. అధిపతి రాడ్ పెట్రిసెవిచ్‌కి 2012లో ఆరున్నరేళ్ళ శిక్ష పడింది. హైదరాబాదులో కార్వీ కస్టమర్ల షేర్లను తాకట్టు పెట్టిందని 2019లో బయటపడితే, ఛైర్మన్ పార్థసారథి అరెస్టయింది 2021లో. ఇవన్నీ డబ్బు పోయాక జరిగేవి. పైగా నిర్లక్ష్యం వేరు, మోసం వేరు. ముందే పేరు రాసి ఉంటే, గడువు కుదించే ముందు ఆ పెద్దమనిషి ఒక్క క్షణం ఆగుతాడు.

మిత్రులారా, మనం రాసే ప్రతి లైను కోడు పక్కనా మన పేరుంటుంది. పై అంతస్తు నిర్ణయం పక్కన కూడా ఒక పేరుండాలని మీ ఎంపీకి ఒక ఉత్తరం రాయండి. కింద మీ పేరు పెట్టడం మరచిపోకండి.