ఫోటో ఫార్వర్డ్ చేస్తే ఖిద్మత్ అయిపోదు



మన ఇళ్లల్లో ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని బ్లాగులు, వెబ్ పేజీలు, కొత్త సర్వీసులు గెలుకుతూ ఉంటే "ఖాలీ పీలీ టైం బర్బాద్ చేస్తున్నాడు" అంటాం. పొద్దున్నే లేచి ఇరవై గ్రూపులకు ఇరవై ఫోటోలు ఫార్వర్డ్ చేసే చిచ్చాను మాత్రం "మాషా అల్లాహ్, దీన్ ఖిద్మత్ చేస్తున్నారు" అంటాం. నేనేమో ఉల్టా అంటున్నాను. ఆ కుర్రాడు చేసేదే పని. చిచ్చా చేసేది చాలాసార్లు నుక్సాన్.

కోపం వద్దు, సబర్‌తో వినండి. రంజాన్ టైంటేబుల్‌నే మిసాల్‌గా తీసుకుందాం.

రంజాన్ నెలవంక కనిపించకముందే మన ఫోన్లకు సహరీ, ఇఫ్తార్ టైంటేబుల్ ఫోటోలు వచ్చేస్తాయి. చాలావాటి మీద ఊరి పేరు ఉండదు. ఉన్నా, ఎవరో పైభాగం కత్తిరించి తమ షాపు అడ్రసు అతికించి ఉంటారు. సంవత్సరం ఉండదు. హైదరాబాద్‌ది నెల్లూరుకు వస్తుంది, నెల్లూరుది ఉదయగిరికి పోతుంది. అందరం "జజాకల్లాహ్" అని పెట్టి ఫ్రిజ్ మీద అతికించేస్తాం.

ఇప్పుడు హిసాబ్ చూడండి. హైదరాబాద్ సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. నెల్లూరు సుమారు 80 డిగ్రీల మీద ఉంది. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. అంటే మార్చి 20 ప్రాంతంలో నెల్లూరులో సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు 6 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. సుబహ్ సాదిఖ్ కూడా దాదాపు అంతే ముందు వస్తుంది. హైదరాబాద్ ఫోటో చూసి మైపాడులోనో ముత్తుకూరులోనో సహరీ చేసేవాళ్లు చివరి ముద్ద ఎప్పుడు తింటున్నారు? ఎహ్తియాత్ కోసం వదిలిన నిమిషాలు ఉంటే అవి అక్కడే ఖర్చయిపోతాయి. ఇఫ్తార్ ఆరు నిమిషాలు ఆలస్యమైతే రోజా చెడదు. సహరీ ఆలస్యమైతే సంగతి వేరు.

ఇంత దూరం కూడా అక్కర్లేదు. మెట్టలో ఉన్న ఉదయగిరికీ సముద్రం ఒడ్డున ఉన్న మైపాడుకీ మధ్యనే మూడు నిమిషాలకు పైగా తేడా ఉంది. ఇంటిల్లిపాదీ నెలరోజులు ఆకలి దప్పికలతో చేసే ఇబాదత్‌ను ఊరూ పేరూ లేని ఒక ఫోటో చేతిలో పెడుతున్నామన్నమాట.

"యాప్ ఉంది కదా భాయ్" అంటారు. ఉంది. కానీ యాప్ లోపల ఏముందో ఎంతమంది చూశారు? ఫజర్ వఖ్త్ లెక్క కట్టడానికి సూర్యుడు దిగంతం కింద ఎన్ని డిగ్రీల్లో ఉండాలో ముందు తేల్చుకోవాలి. కరాచీ పద్ధతిలో 18 డిగ్రీలు. ఉత్తర అమెరికా ఇస్నా పద్ధతి అని యాపుల్లో కనిపించేదానిలో 15 డిగ్రీలు. మన ప్రాంతంలో ఈ రెండింటి మధ్య పన్నెండు నిమిషాలకు పైనే తేడా వస్తుంది. అసర్ కూడా అంతే. హనఫీ అని పెడితే ఒక టైం, షాఫయీ అని పెడితే దానికంటే ముందు టైం. ఒకే ఇంట్లో అబ్బా ఫోన్ ఒక అజాన్ ఇస్తుంది, కొడుకు ఫోన్ ఇంకో అజాన్ ఇస్తుంది.

ఏది పాటించాలో చెప్పాల్సింది ఆలిం సాబ్, మస్జిద్ జమాత్. ఆయన చెప్పింది యాప్‌లో ఎక్కడ పెట్టాలో తెలిసింది మాత్రం ఆ సెట్టింగుల్లోకి దూరి గెలికే కుర్రాడికి. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. మనం ఒకరిని దూరం నుంచి సలాం చేసి వదిలేస్తాం, ఇంకొకరిని తిట్టి వదిలేస్తాం.

నా మాట ఒక్కటే. ఖబర్ ఏదైనా సరే బొమ్మగా కాదు, అక్షరాలుగా పెట్టండి. ఒక పక్కా అడ్రసులో పెట్టండి. ఫోటో ఒకసారి చెయ్యి దాటిందంటే దాన్ని ఎవడూ సరిదిద్దలేడు. పేజీలో తప్పు దొరికితే అరనిమిషంలో దిద్దవచ్చు, మళ్లీ చూసిన ప్రతి ఒక్కరికీ సరైనదే కనిపిస్తుంది.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు మన జిల్లా కూడా వానలతో అల్లాడింది. వాతావరణ శాఖ ఇచ్చే ప్రతి బులెటిన్ మీద నంబరు, తేదీ, టైం ఉంటాయి. అది స్క్రీన్‌షాట్ అయ్యి, కత్తిరింపులు అయ్యి మన గ్రూపుకు వచ్చేసరికి ఆ మూడూ పోతాయి. నిన్నటిదా, పోయిన తుపానుదా తెలియదు. ఫార్వర్డుల వల్ల ప్రాణాల మీదకు వస్తోందనే వాట్సాప్ 2018లో మన దేశంలో ఒకసారికి 5 చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కంపెనీకి వచ్చిన ఆ ఫికర్ మనకు రాలేదు.

"మా అమ్మీకి చదువు రాదు, ఫోటో అయితే చూస్తుంది" అనేవాళ్లున్నారు. చదువు రానామెకు ఫోటోలోని అక్షరం మాత్రం ఎలా చదవగలుగుతుంది? యూనికోడ్ తెలుగులో రాసిన అక్షరాన్ని ఈరోజు ఫోన్ గట్టిగా చదివి వినిపిస్తుంది. కళ్లు కనిపించని నానాకు కూడా వినిపిస్తుంది. మామూలుగా పంపిన ఫోటో ముందు ఆ ఫోన్ గూంగా అయిపోతుంది.

"వెబ్‌సైటంటే వేలల్లో ఖర్చు" అని ఇంకొందరు. మా మొహల్లా కోసం నేను కట్టిన పేజీకి ఒక్క రూపాయి కాలేదు. బ్లాగర్ 1999 నుంచి ఉంది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది, ముఫ్త్‌గానే ఇస్తున్నారు. టైపింగ్ రాదంటే ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి తెలుగులో చెప్పండి, అదే రాసుకుంటుంది. కంప్యూటర్‌లో అయితే వీవెన్ తయారుచేసిన లేఖిని ఉంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. మన తెలుగువాళ్లు మెహనత్ చేసి ముఫ్త్‌గా ఇచ్చిన సామాను ఇది. వాడకపోవడం నాషుక్రీ.

ప్రెస్సులో అను ఫాంటుతో కొట్టించిన పాంప్లెట్‌ను యథాతథంగా పేజీలో పేస్ట్ చేయకండి. ఆ ఫాంటులో పైకి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి వేరే గుర్తులు. పేజీలో అంతా గజిబిజి అవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత జాగా ఉంది, అందులోనే రాయండి. ఇంకో చిన్న సంగతి. మన మాటలను మనమే నాలుగు రకాలుగా రాస్తాం: రంజాన్, రమజాన్, రమదాన్, సహరీ, సహ్రీ, సెహ్రీ. వెతికేవాళ్లు ఏది కొడతారో తెలియదు. పేజీలో ఒకచోట అన్ని రూపాలూ రాసి పెట్టండి, దొరుకుతుంది.

ముఫ్త్ సర్వీసుల మీద అంధా భరోసా కూడా వద్దు. యాహూ జియోసిటీస్ 2009లో పోయింది. గూగుల్ రీడర్ 2013లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో మూతబడ్డాయి. వాటిలో కాపీ దాచుకోనివాళ్ల రాతలు ఖతం. ఎవరి జాగాలోనో కిరాయికి ఉన్నవాడు సామాను సర్దుకుని ఉండాలి. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే రాతలన్నీ ఒక ఫైలులో వచ్చేస్తాయి. ముఖ్యమైన పేజీల అడ్రసు వేబ్యాక్ మెషీన్‌కు ఇస్తే అక్కడా ఒక నకలు ఉంటుంది. ఒకటి పోతే ఇంకోటి మిగలాలి.

వాట్సాప్ మానేయమని నేను అనడం లేదు. అందరూ ఉన్నది అక్కడే. ఫోటోకు బదులు నాలుగు వాక్యాలు రాసి, కింద లింకు పెట్టి పంపండి. అంతే తేడా.

మస్జిద్ కమిటీ పెద్దలకు నా దరఖాస్తు. మైకు సెట్టుకు, రంగులకు చందా పోగుచేస్తారు, మంచిదే. మొహల్లాలో వెబ్ పని తెలిసిన ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని పిలిచి పేజీ పని అప్పజెప్పండి. నమాజ్ టైములు, ఈద్ నమాజ్, జనాజా ఖబర్, ఫిత్రా వివరం అందులో రావాలి. పాస్‌వర్డ్ ఒక్కరి జేబులోనే ఉండకూడదు, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉండాలి. ఆ కుర్రాడు ఉద్యోగానికి బెంగుళూరు పోతే పేజీ అనాథ కాకూడదు. అది జమాత్ అమానత్.

కుర్రాళ్లకు కూడా ఒక మాట. రోజుకో కొత్త టెంప్లేట్ మార్చి మురిసిపోతే చాలదు. మీకు వచ్చిన హునర్‌ను మీ ఊరికి పనికొచ్చే ఒక్క పేజీ మీద పెట్టండి. పెద్దలు ఎగతాళి చేస్తే చేయనివ్వండి, పేజీని మాత్రం ఆపకండి.

ఇంట్లోవాళ్లందరికీ నేను చెప్పేది సులువైన పని. ఈసారి టైంటేబుల్ ఫోటో వచ్చినప్పుడు పంపినవాళ్లను మూడు సవాళ్లు అడగండి. ఏ ఊరిది? ఏ సంవత్సరానిది? ఎవరు తయారుచేశారు? మూడింటికీ జవాబ్ రాకపోతే ఆ ఫోటోను మీ ఫోన్ దాటనివ్వకండి.