నడవమంటారు సరే, బెల్టు షాపు మాటేమిటి?

ఆరోగ్యకర జీవనశైలిపై అవగాహన సదస్సు ఎలా ఉంటుందో వికారాబాద్ జిల్లాలో ఎవరికీ వివరించనక్కర్లేదు. ఒక ఫ్లెక్సీ, ఒక మైకు, మహిళా సంఘాల వాళ్లతో నింపిన కుర్చీలు. రోజూ అరగంట నడవండి, ఉప్పూ నూనే తగ్గించండి, పప్పూ ఆకుకూరలూ తినండి అని ఒక ప్రసంగం. ఆఖర్న ఫొటో. అది వాట్సాప్ గ్రూపుకెక్కగానే కార్యక్రమం విజయవంతం. చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు. నా పేచీ అంతా చెప్పకుండా దాటేస్తున్న మాటతోనే.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం 2019లో మన రాష్ట్రంలో ఇల్లిల్లూ తిరిగి తీసిన లెక్క ఇది. తెలంగాణలో పదిహేనేళ్లు నిండిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు నూటికి 43 మంది. ఒక్క పల్లెలనే తీసుకుంటే 49. దేశం మొత్తమ్మీద ఆ సంఖ్య 19కి కాస్త లోపే. ఆడవాళ్లలో దేశ సగటు 1.3 శాతమైతే మన దగ్గర 7కు దగ్గరగా ఉంది. పల్లెలో ఇద్దరు మగవాళ్లలో ఒకరు తాగే రాష్ట్రమిది. ఇక్కడ జీవనశైలి మీద గంటసేపు మాట్లాడి ఆ 49ని ఒక్కసారైనా పలకకుండా మైకు దిగాలంటే చాలా సాధన కావాలి.

మన జిల్లాలోని తాండూరుకే వద్దాం. పప్పు తినమని తాండూరుకొచ్చి చెప్పడమే ఒక వింత. ఇక్కడి కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. పప్పు రుచి ఈ ఊరికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. నేర్పాల్సింది దుమ్ము సంగతి. నాపరాతి పాలిషింగ్ యూనిట్లో బండ కోసే మిషన్ దగ్గర నిలబడ్డ మనిషిని సాయంత్రం షిఫ్టు దిగాక చూడండి. కనుబొమలు తెల్లగా, చెవి మడతల్లో తెల్లగా, దగ్గితే వచ్చే కళ్లె కూడా బూడిద రంగు. ముక్కుకు కట్టుకున్నది తలకు చుట్టుకునే తువ్వాలే. బెల్లం ముక్క తింటే లోపలికి పోయిన దుమ్ము కడిగేసుకుపోతుందని అతని నమ్మకం. పొద్దంతా బండలు మోసిన ఒళ్లు నొప్పులకు ఒక క్వార్టర్ వేసుకోకపోతే నిద్ర పట్టదన్నది రెండో నమ్మకం. అతనికి మార్నింగ్ వాక్ గురించి చెప్పేవాళ్లున్నారు. ఆ రెండు నమ్మకాలూ తప్పని పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేరు.

సిలికా దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులకు టీబీ సులువుగా పడుతుంది. అతిగా తాగేవాళ్లకూ టీబీ ముప్పు ఎక్కువని వైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసే ప్రాంతం మనది. అనంతగిరి కొండ మీద నిజాం కాలం నాటి టీబీ దవాఖాన ఉన్నది కూడా ఈ జిల్లాలోనే. జనం అక్కడికి వీకెండ్ విహారానికి వెళుతున్నారు గానీ, ఆ దవాఖానను చూపించి పాఠం చెప్పాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఇక కల్లు. కల్లు మన సంస్కృతి, పండగకూ చావుకూ అది ఉండాల్సిందే, 49 అంకెలో దాన్ని కూడా కలిపి బెదరగొట్టొద్దు అంటారు కొందరు. చెట్టు మీంచి దింపిన కల్లయితే ఆ వాదన వినొచ్చు. గీత కార్మికుడి బతుకుతెరువు మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ 2021 జనవరిలో నవాబుపేట, వికారాబాద్ మండలాల్లో వంద మందికి పైగా కల్తీ కల్లు తాగి మూర్ఛలతో దవాఖానల పాలయ్యారు. కల్లు డిపోల్లో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్‌కు చెట్టుతో సంబంధం లేదు. 2015లో అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఏమైందో గుర్తుందా? మందు కలవని కల్లు తాగినవాళ్లకు పిచ్చెక్కినట్టయి వందల మంది ఆసుపత్రులకు చేరారు. మత్తుమందుకు అంతగా అలవాటుపడ్డ ఒళ్లకు కావాల్సింది చికిత్స. మన సదస్సులు ఇప్పటికీ ఉప్పు దగ్గరే ఆగిపోయాయి.

ఎందుకాగిపోయాయో చెప్పడానికి పరిశోధన అవసరం లేదు. 2023 ఆగస్టులో 2,620 మద్యం దుకాణాలకు లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని 2 లక్షల రుసుముతో ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు చేరింది. ప్రభుత్వం మారింది. 2025లో రుసుము 3 లక్షలైంది. దరఖాస్తులు 95 వేలకు తగ్గినా రాబడి 2,800 కోట్లు దాటింది. పెట్టుబడి పెట్టినవాడు సరుకు అమ్ముకోవాలి. అందుకే లైసెన్సు లేని బెల్టు షాపు తండా దాకా వచ్చింది. కిరాణా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ల వెనక సీసా, ధర మీద పదో ఇరవయ్యో అదనం. ఉదయం ఆరోగ్య కార్యకర్త నడిచే వీధి, రాత్రి ఆ సీసా నడిచే వీధి ఒకటే. జీతమిచ్చేదీ, లైసెన్సిచ్చేదీ ఒకే సర్కారు.

నిషేధం విఫలమైందిగా అని వెంటనే అడుగుతారు. అవును, 1995 జనవరిలో మొదలైన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. నేను దాన్ని మళ్లీ తెమ్మనడం లేదు. దానికి ముందు జరిగినదాన్ని గుర్తుచేస్తున్నాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాస్యత తరగతులకు వెళ్లారు. అక్షరదీపం అనే ఆ కార్యక్రమం కూడా సర్కారుదే. అయితే అక్కడ పాఠం వాళ్ల ఇంటి సంగతి చెప్పింది. కూలి డబ్బు సారా కొట్టుకు ఎలా పోతోందో చదివారు, చర్చించారు, లేచి వెళ్లి కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా మోగింది. 1992లో సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. ఊళ్లో చెప్పే చదువు ఆరోగ్యాన్ని మార్చగలదా అని సందేహించేవాళ్లకు ఇంతకంటే పెద్ద రుజువు తెలుగునాట లేదు. ఆ చదువులో ఎవరి ఇల్లు ఎందుకు గుల్లవుతోందో పేరు పెట్టి చెప్పారు. ఇప్పటి సదస్సుల్లో ఆ ధైర్యం కనపడదు.

అయితే చదువొక్కటే చాలదు, అధికారమూ కావాలి. ఇదే తెలంగాణలో షెడ్యూల్డ్ ప్రాంతపు గ్రామసభకు మద్యం అమ్మకాన్ని కట్టడి చేసే హక్కును 1996 నాటి పెసా చట్టం ఇచ్చింది. వికారాబాద్ జిల్లా తండాలకు ఆ హక్కు లేదు. మహారాష్ట్రలో మహిళలు ఓటేసి దుకాణం మూయించే నిబంధన ఉంది. మన మహిళలకు దక్కేది సదస్సులో కుర్చీ, ఒక టీ. తీర్మానం చేసినా దాన్ని పట్టించుకోవాల్సిన బాధ్యత ఎవరి మీదా లేనప్పుడు అవగాహన పెరిగిన మనిషికి మిగిలేది కోపమే.

ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గం కొడంగల్ చాలావరకు ఈ జిల్లాలోదే. కాబట్టి హైదరాబాద్‌కు వినపడలేదన్న సాకు చెల్లదు. వచ్చే సదస్సులో అధికారులు ముందు 49 అన్న అంకె చదవాలి. తర్వాత ఆ మండలంలోని బెల్టు షాపుల జాబితా చదివి, ఎన్నాళ్లలో మూయిస్తారో తేదీ చెప్పాలి. తాండూరులో ఆ సదస్సు పెట్టాల్సింది ఫంక్షన్ హాల్లో కాదు, పాలిషింగ్ యూనిట్ గేటు దగ్గర, షిఫ్టు మారే వేళ, యజమానిని కూడా పిలిచి. మానాలనుకున్నవాడికి చికిత్స ఏ దవాఖానలో, ఏ రోజు దొరుకుతుందో అక్కడే చెప్పాలి. ఇవేవీ చేతకాకపోతే ఫ్లెక్సీలకూ టీలకూ పెట్టే ఖర్చు ఆపేసి, ఆ డబ్బుతో రాతి కార్మికులకు మాస్కులు కొనివ్వండి.