కిరాయిదారు పీనుగకు గడప లేదా?

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల కిరాయి ఇండ్లల్ల బతుకుతున్న అన్నలారా, అక్కలారా, తమ్ములారా, చెల్లెళ్లారా!

ఈ కాగితం పారెయ్యకుండ్రి. ఇది ఓట్ల కాగితం కాదు. ప్లాట్ల కాగితం అసలే కాదు! ఇల్లు లేనోళ్ల ఇంటి ముచ్చట. చదువు రానోళ్లు పక్కనుంటే చదివి వినిపియ్యండ్రి.

మనింట్ల మనిషి చచ్చిపోతే ఏమైతదో మనకెరికే. దవాఖానల పానం పోతది. అంబులెన్సు గల్లీ మలుపు తిరగకముందే ఓనరు ఫోను. "ఇంటికి తేకుండ్రి. మాకు అచ్చిరాదు. ఏమనుకోకుండ్రి." ఏమనుకోవాలె? నెలనెలా ఐదో తారీకు లోపల కిరాయి చేతుల పెట్టిన మనిషి ఆ మనిషి! ఆ ఇంటి ముంగట సాన్పు చల్లింది, ముగ్గేసింది ఆ మనిషి పెండ్లామే! ఇప్పుడు శవాన్ని ఏడ దించాలె? రోడ్డు పక్కన టెంటు ఎయ్యాలె. శవం పెట్టిన ఐసు డబ్బాకు కరెంటు ఎవరింట్లకెల్లి గుంజాలె? వానొస్తే పరదా కొస పట్టుకొని కొడుకు నిలబడాలె. దూరంకెల్లి వచ్చిన బిడ్డ ఏడ్వాలంటే కూసుండ జాగ లేదు, మొఖం కడుక్కుందామంటే నీళ్లు లేవు. ఇంకొందరు ఇవన్నీ పడలేక సీదా వైకుంఠధామం కాడికే తీస్కపోతరు. బతికిన ఇంటి గడప ఆఖరిసారి దాటకుండనే!

అంతటితో అయిపాయెనా? దినాలు అయ్యేదాక ఇంట్లకు రావద్దంటరు. తలకొరివి పెట్టిన పోరగాడు పదకొండొద్దులు ఏడ పండాలె? దినాలు కాంగనే సామాన్లు తీసుకోమని ఇంకో మాట. డాక్టరు ఆశ లేదన్న రోగిని చావకముందే వేరేకాడ పెట్టుకోమనే ఓనర్లు సుత ఉన్నరు. పురుడు పోసుకున్న బాలింతకు సుత ఇదే గతి. సిరిసిల్ల పేరు మీద ఈ వార్త పేపర్లల్ల ఎన్నిసార్లు చదవలే? చదివి అయ్యో అన్నం. పేజీ తిప్పినం. రేపు ఆ పేజీల మన ఫోటో ఉంటే?

సచ్చినోళ్ల సంగతి అది. మరి బతికున్నోళ్లం ఎట్లున్నం?

2016 అక్టోబర్ 11 యాదికున్నదా? జగిత్యాల జిల్లా అయింది. సిరిసిల్ల జిల్లా అయింది. ఊకెనే అయిందా? సిరిసిల్ల పేరు మొదాలు లెక్కల్నే లేదు. బంద్‌లు చేసినం, రోడ్ల మీద కూసున్నం, కొట్లాడి తెచ్చుకున్నం. మరమగ్గాల సాంచాలు బంద్ పెట్టి వచ్చింది ఎవరు? కూలి పోగొట్టుకున్నది ఎవరు? మనమే! జిల్లా వచ్చింది. దాని ఎన్కనే రంగు జెండాలు పాతిన వెంచర్లు వచ్చినయి. మక్క చేన్లు, పొలాలు తెల్లారేసరికి గజాల లెక్కకెక్కినయి. 2021ల సిరిసిల్లకు కొత్త కలెక్టరేట్, 2022ల జగిత్యాలకు కొత్త కలెక్టరేట్. జగిత్యాల మెడికల్ కాలేజీ 2022ల మొదలైంది, సిరిసిల్లది 2023ల. సంతోషమే. మన పిల్లలు సుత డాక్టర్లు కావాలె. కని ఆఫీసులు వచ్చినయి, సార్లు వచ్చిన్రు, స్టూడెంట్లు వచ్చిన్రు, వాళ్లకు తగ్గ కిరాయిలు వచ్చినయి. మన కూలి వచ్చిందా? సాంచె మీద మీటరుకు పైసల లెక్క మారిందా? బీడీల రేటు కిరాయంత ఉరికిందా? జిల్లా మనం తెచ్చినం, దాని ధర మనమే కడుతున్నం!

ఊరి నడుమ కిరాయి మోయలేక అంచుకు జరిగినం. అక్కడికీ వెంచర్లు వచ్చినయి, మళ్ల జరిగినం. సిరిసిల్లకెల్లి తంగళ్లపల్లి దిక్కు పోయినోళ్లు మానేరు వంతెన దాటి పొద్దుగాల సాంచాలకు రావాలె, రాత్రి పాలి అయినంక మళ్ల దాటి పోవాలె. కిరాయిల మిగిలింది ఆటోకు పాయె!

పోనీ కొందామా? ఏంతోని కొంటం? రిజిస్ట్రేషన్‌కే నూటికి ఏడున్నర రూపాయలు గుంజుతున్నరు. గల్ఫ్ పైసలతోని, చిట్టి ఎత్తుకొని, పుస్తెలతాడు కుదవపెట్టి వంద గజాల ముక్క తీసుకున్నోళ్లు సుత మనల్ల ఉన్నరు. అది లేఅవుట్ లేని ప్లాటని ఆఖరికి తెలిసె. 2020ల అసొంటి ప్లాట్లను సక్రమం చేసే ఎల్ఆర్ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రు. ప్లాటు కాగితం పెట్టెల. మనిషి కిరాయి అర్రల!

ఆ అర్ర సంగతి మనకు ఎవరు చెప్పాలె? సిరిసిల్ల బీవై నగర్‌ల అయినా, సుందరయ్య నగర్‌ల అయినా గోడ అవతల సాంచాలు నడుస్తనే ఉంటయి. ఇవతల చంటిపోరడు పండాలె. ఒక్క అర్రల్నే పొయ్యి, మంచం, కండెలు చుట్టే రాట్నం, పిల్లల పుస్తకాలు. సుట్టాలు రెండొద్దులు ఉంటే మోటరు బంద్. గోడకు మొల కొడితే లొల్లి.

ఇల్లు అడగబోతే మొదటి మాట ఏంది? "మీరేమిటోళ్లు?" కిరాయి ఎంత కడతవని కాదు, కులమేందని! మాల, మాదిగ అంటే టులెట్ బోర్డు ఉండంగనే ఇల్లు నిండిపోతది. పేరు సాయిబులదైతే సుత అంతే. నీసు తినద్దని ఒక్కరు, రాత్రి పాలికి పోయేటోళ్లకు ఇయ్యమని ఇంకొక్కరు. సిరిసిల్లల రాత్రి పాలి లేని ఇల్లు ఏడున్నది?

కరెంటు ముచ్చట ఇనండ్రి. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక జీరో బిల్లు. కిరాయిదార్లకు సుత వర్తిస్తదని సర్కారే చెప్పింది. మనకెందుకు వస్తలేదు? ఒక్క మీటరు మీద మూడు పొయ్యిలు! ముగ్గురి వాడకం కలిపితే 200 దాటుతది, బిల్లు మొత్తం పడతది. దాని మీద ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు తన రేటు తాను గుంజుతడు. రెండు బుగ్గలు, ఒక పంక తిప్పుకునేటోడు జీరో బిల్లుకు నోచుకోడు! సిరిసిల్లల కరెంటిచ్చే సెస్ ఉన్నది, మనోళ్ల సహకార సంఘమే. ఇంటింటికి వేరే మీటరు ఎందుకియ్యరని దాన్ని అడగాల్నా వద్దా?

"చట్టం లేదా?" అంటరు. ఉన్నది. పేరుకు మస్తుగున్నది! 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం. కిరాయి తీసుకుంటే రసీదు ఇయ్యాలె అంటది. నీళ్లు, కరెంటు బంద్ పెట్టొద్దంటది. రెంట్ కంట్రోలర్ ఆర్డరు లేకుంట ఖాళీ చేపియ్యద్దంటది. మంచిగున్నది గదా? ఇగ అసలు సంగతి చూడండ్రి. 2005ల దాన్ని సవరించిన్రు. కట్టి పదిహేనేండ్లు నిండని ఇల్లు దాని కిందికి రాదు. కార్పొరేషన్లు కాని ఊర్లల్ల కిరాయి 2,000 రూపాయలు దాటినా రాదు. రెండు వేలు! ఈ మూడు ఊర్లల్ల రెండు వేలకు రెండర్రల ఇల్లు ఏడున్నదో చూపెట్టండ్రి, రేపే సామాన్లు కట్టుకొని వస్తం! అంటే చట్టం ఎవరి కోసం మిగిలింది? కూలిపోయే పెంకుటింట్ల ఉండేటోనికి. వానికి సుత అది ఉన్నట్టు తెల్వది.

రెండు వేలు దాటినోళ్ల గతేంది? దిక్కులేనోళ్లం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉన్నది. నెల కిరాయి ఇంటికైనా పదిహేను దినాల ముందు నోటీసు ఇయ్యాలె. రాత్రికి రాత్రి సామాన్లు బయటెయ్యడానికి, తాళం ఎయ్యడానికి ఎవ్వనికి హక్కు లేదు. ఇది గుర్తు పెట్టుకోండ్రి. ఇంట్ల ఆడోళ్లకు, పిల్లలకు సుత చెప్పండ్రి. కేంద్రం 2021ల ఒక నమూనా చట్టం పెట్టింది. అడ్వాన్సు రెండు నెలల కిరాయి దాటొద్దని, ఒప్పందం కాగితం మీద ఉండాలని అందుల ఉన్నది. కని అది నమూనా. రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే మనకు పనికొస్తది. చేసుకొమ్మని అడిగేటోళ్లు లేకపాయె!

ఓనర్లందరు దుర్మార్గులని మేమంటలేం. మా ఓనర్లల్ల మంచోళ్లున్నరు. నెల ఆలస్యమైతే అడగనోళ్లున్నరు, పీనుగను ఇంట్లనే పెట్టుకోమన్న తల్లులు ఉన్నరు. దుబాయిల ముప్పై ఏండ్లు ఎండకు ఎండి రెండర్రలు ఎక్కువ కట్టుకొని, ఆ కిరాయి మీదనే మందులు తెచ్చుకునే ముసలోడు మనకు శత్రువు ఎట్ల అయితడు? ఓనరన్నా, ఈ కాగితం నువ్వు సుత చదువు. నీ బిడ్డ హైదరాబాద్‌ల కిరాయికే ఉన్నది. ఆడ నీ బిడ్డకు ఆపదొస్తే ఆ ఓనరు ఏమనాల్నో, నువ్వు ఈడ గదే అను!

కోరుట్ల అక్కలారా, మీకు ప్రత్యేకం ఒక మాట. మీ ఇంటాయిన దుబాయిలనో, మస్కట్‌లనో. ఈడ ఓనరుతోని లొల్లి మీ ఒక్కల నెత్తి మీద. చాటల ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే "వచ్చే నెల ఇస్త అన్నా" అని బతిమాలుడు. అదే వాడల బంగ్లాలకు తాళాలు, లోపల బూజు! ఒంటరోళ్లం మనమేం చేస్తం అనుకుంటున్నరు గదా? నూరేండ్ల కిందటి ముచ్చట చెప్తం. స్కాట్లండ్‌ల గ్లాస్గో అనే ఊరు. 1915. మొదటి ప్రపంచ యుద్ధం. మగోళ్లు యుద్ధానికి పోయిన్రు. ఫ్యాక్టరీ కూలోళ్లు ఊర్లకు దిగంగనే ఓనర్లు కిరాయిలు పెంచిన్రు. మేరీ బార్బర్ అనే గృహిణి లేచింది. గల్లీ గల్లీల ఆడోళ్లు కిరాయి కట్టుడు ఆపిన్రు. ఖాళీ చేపియ్య వచ్చినోళ్లను చూసి గంట కొట్టుడే, వంటింట్లకెల్లి అందరు ఉరికొచ్చుడే, పిండి మొఖాన కొట్టి పంపుడే! ఇరవై వేల ఇండ్ల దాక కలిసినయి. నవంబర్ 17 నాడు కోర్టు ముంగట వేలమంది. ఏడాది తిరగకముందే సర్కారు చట్టం చేసి కిరాయిలను యుద్ధం కన్న ముందటి లెక్క కాడ నిలబెట్టింది. ఓటు హక్కు సుత లేని ఆడోళ్లు చేసిన పని ఇది! మీకు ఓటున్నది, మహిళా సంఘాలున్నయి. భయమెందుకు?

ఇగ సర్కారు ఇండ్లు. సిరిసిల్లకు మండెపల్లిల 1,320 డబుల్ బెడ్రూంలు. 2021 జులై 4 నాడు అప్పటి ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభం చేసిపోయిండు. జగిత్యాలకు నూకపల్లిల నాలుగు వేలకు పైన. 560 అడుగుల ఇల్లు, పైస ఖర్చు లేకుంట! మరి ఎవరికి వచ్చినయి? ఎన్ని ఇండ్లల్ల పొయ్యి వెలుగుతున్నది? ఎన్నిటికి తాళాలున్నయి? ఎన్ని కిరాయికి తిరుగుతున్నయి? నల్లాలు, మోరీలు, బస్సు ఎట్లున్నయి? లెక్క గోడకు అతికియ్యమందాం! 2024ల ఇందిరమ్మ ఇండ్లు మొదలుపెట్టిన్రు. ఐదు లక్షలు. ఎవరికి? ముందుగాల జాగ ఉన్నోళ్లకు! జాగ లేనోళ్ల పేర్లు ఎల్-2 లిస్టుల ఏసి పక్కకు పెట్టిన్రు. జాగ ఉంటే మేం కిరాయికి ఎందుకుంటం సార్?

మరి ఏం చేద్దాం?

ఎవరింట్ల చావైనా ఆ వాడ కిరాయిదార్లందరం ఉరకాలె. కొట్లాటకు కాదు. పదిమందిమి శవాన్ని పట్టుకొని గేటు కాడ నిలబడి "అన్నా, తాళం తియ్యి" అంటే తియ్యనోడు ఎవడో చూద్దాం! మున్సిపాలిటోళ్లు చావు షెడ్డు కట్టిస్తమంటే కట్టనియ్యండ్రి, ఎండకు వానకు ఆసరా అయితది. కని షెడ్డున్నది గదా ఆడికే పో అంటే ఒప్పేది లేదు! కిరాయి కట్టిన నెల మొత్తం ఆ ఇల్లు మనది. చావైనా, పురుడైనా అదే ఇంట్ల!

కొత్త ఇల్లు కిరాయికి తీసుకునేటోళ్లు కాగితం రాపియ్యండ్రి. "చావు, పురుడు అయినా ఖాళీ చెయ్యమనను" అనే మాట అందుల రాయకుంటే సంతకం పెట్టకుండ్రి. కిరాయి చేతికి ఇయ్యకుండ్రి, ఫోన్‌పే కొట్టండ్రి. అదే మన రసీదు.

సోమవారం కలెక్టరేట్‌ల దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి. సిరిసిల్లోళ్లం సిరిసిల్ల కలెక్టరేట్‌కు, జగిత్యాల, కోరుట్లోళ్లం జగిత్యాల కలెక్టరేట్‌కు పోదాం. ఒక్కొక్కలు పోతే దరఖాస్తు తీసుకొని చీటీ ఇస్తరు, అంతే. వాడకు ఇరవై మందిమి పోదాం. రెండు వేల హద్దు ఎత్తేసి కొత్త కిరాయి చట్టం తెమ్మని సర్కారుకు రాయమందాం. ఇంటికో మీటరు అడుగుదాం. డబుల్ బెడ్రూంల లెక్క, ఎల్-2 లిస్టు మున్సిపల్ ఆఫీసు గోడ మీద పెట్టమందాం. వెంచర్లకు దొరికిన జాగ గరీబోళ్లకు ఎందుకు దొరకదో అడుగుదాం. 1978ల రైతు కూలీలు జైత్రయాత్ర తీసి దొరలను నిలదీసిన జగిత్యాల ఇది. అడుగుడు మనకు కొత్తనా?

సోమవారం పొద్దుగాల పది గంటలకు కలెక్టరేట్ గేటు కాడ కలుద్దాం. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, కరెంటు బిల్లు, డబుల్ బెడ్రూంకు గాని ఇందిరమ్మ ఇంటికి గాని పెట్టుకున్న దరఖాస్తు చీటీ తెచ్చుకోండ్రి. ఆ పూట కూలి పోతది, ఎరికే. రాత్రి పాలి చేసి వచ్చేటోళ్లకు వాడోళ్లే చాయ్, టిఫిన్ చూసుకోవాలె. పిల్లలను ఇంట్ల ఇడిసిపెట్టి రాలేమంటే తోల్కరాండ్రి. పక్క అర్రోళ్లను సుత పిలవండ్రి!

ఇట్లు,
మీ లెక్కనే నెలనెలా కిరాయి కట్టేటోళ్లం
సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల