ఆటలో మూటలు

మా యింట్లో తగవు ‘డెత్ స్ట్రాండింగ్’ అనే వీడియో గేము మీద. 2019లో జపానువాడు హిడియో కొజిమా చేసినది. పాడుబడ్డ అమెరికాలో సామ్ అనేవాడు మూటలు వీపున వేసుకుని, కొండలెక్కి, వాగులు దాటి బట్వాడా చేస్తాడు. కొందరు అపూర్వమన్నారు, కొందరు ఆవులించారు.

మా అమ్మాయి వాగు దగ్గర చిక్కుబడితే, ముక్కూ మొహం తెలియని ఆటగాడెవరో తన ఆటలో వేసుకున్న నిచ్చెన అక్కడ ప్రత్యక్షమైందట! “ఇంతకంటె ఏం కావాలి నాన్నా?” అంటుంది.

మావాడిది స్కూటరు మీద పార్సెళ్లు చేరవేసే ఉద్యోగం. “పగలు చేసిన చాకిరీ రాత్రి ఆటా? అక్కడ మూట దించితే లైకులిస్తారు. నాకు మంచినీళ్లిచ్చినవాళ్లు ఈ నెలలో ఇద్దరు” అన్నాడు.

తీర్పు నన్నడిగారు. నిచ్చెనా నచ్చింది, వాడి మాటా తగిలింది. నిన్న మా గుమ్మంలోకి పార్సెలు తెచ్చిన కుర్రవాణ్ణి ఆపి మజ్జిగ ఇచ్చాను. గబగబా తాగి, “ఇంకా పదకొండున్నాయండీ” అంటూ పరుగెత్తాడు.