పశువుకు అంబులెన్స్ సరే, సిబ్బందికి భరోసా ఏదీ?

గేదె ఈనలేక అల్లాడుతుంటే ఇవాళ రైతు నొక్కే నంబరు 1962. 2022 మే 19న రాష్ట్రంలో 175 సంచార పశువైద్య అంబులెన్సులు రోడ్డెక్కాయి. నియోజకవర్గానికి ఒకటి చొప్పున తెనాలికీ, బాపట్లకూ, రేపల్లెకూ దక్కాయి. బండికి ఒక డాక్టరు, ఒక పారావెట్, ఒక డ్రైవరు. మంచి పనే, కాదనం. కానీ ఆ ముగ్గురి గతేమిటి?

కేంద్ర పథకం లెక్కన ఇలాంటి బండ్ల నిర్వహణ ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అంటే సొమ్ము మనది. పెత్తనం మాత్రం ఏజెన్సీది! ఏజెన్సీకి కావలసింది అంకెలు. ఎన్ని కాల్స్, ఎన్ని కిలోమీటర్లు? అడ్డం తిరిగిన దూడను బయటికి తీయాలంటే గంటలు పడుతుంది. ఆ సమయంలో నాలుగు జ్వరం కేసులు రాసేయొచ్చు. ఏది ముఖ్యమంటే మేనేజరు ఏం చెబుతాడో ఊహించలేమా?

ఈసుకుపోయిన గేదె మాయ తీసే చేతికి బ్రూసెల్లోసిస్ అంటుకోవచ్చు. పిచ్చికుక్క కరిచిన పశువు నోట్లో చెయ్యి పెడితే రేబిస్ ప్రమాదం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చినప్పుడు రేపల్లె లంకలు మునిగాయి. అలాంటప్పుడు బురదలో దిగాల్సింది ఏజెన్సీ యజమాని కాదు, ఈ సిబ్బందే.

ఇది మన ఒక్కరి గోడు కాదు. చాక్లెట్లమ్మే మార్స్ కంపెనీ 2017లో అమెరికాలో వీసీఏ పశువైద్యశాలలను కొనేసింది. బ్రిటన్‌లో 2013లో పెద్ద గ్రూపుల చేతిలో పదో వంతు క్లినిక్కులే ఉండేవి. పదేళ్లు తిరిగేసరికి దాదాపు 60 శాతం వాటి పాలయ్యాయి. చివరికి 2024లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థే విచారణకు దిగాల్సి వచ్చింది. వైద్యం వ్యాపారమైతే జరిగేది ఇదే.

ప్రభుత్వంలో పనిచేసే తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. మధ్యలో ఏజెన్సీ అనే గోడ కట్టుకుంటే ఆ మాట తమకు తగలదని పాలకుల ధీమానా?

బండ్లను పశుసంవర్ధక శాఖే నడపాలి. నియామక పత్రం, ఎనిమిది గంటల పని, రేబిస్ టీకా, ప్రమాద బీమా హక్కుగా ఇవ్వాలి. పశువైద్య విద్యార్థులారా, రేపు ఆ బండెక్కేది మీరే! ఉద్యోగ సంఘాలు కూడా రెగ్యులర్, ఔట్‌సోర్సింగ్ అన్న తేడా మాని గొంతు కలపాలి. నోరులేని జీవాల పేరు చెప్పి నోరున్నవాళ్ల నోరు నొక్కడం సేవ అనిపించుకోదు.