చవక సెల్లు చేతిలో నిప్పే

రాత్రివేళ మోటారు వేయడానికి వెళ్లే రైతుకు టార్చిలైటే తోడు. పురుగూ పుట్రా తిరిగే గట్ల మీద అది లేనిదే అడుగు పడదు. పాత పొడి సెల్లు అయిపోతే పారేసేవారు. ఇప్పుడు ఛార్జింగు పెట్టుకునే లిథియం సెల్లు వచ్చింది. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు గనుక దానికి 18650 అని పేరు. దేశంలో 2019లో నిషేధించిన ఈ-సిగరెట్లలోనూ ఈ రకం సెల్లు వాడతారు. దీనికి శక్తి ఎక్కువ, తేడా వస్తే మంటా ఎక్కువే.

సంతల్లో 9900 అని అచ్చువేసిన సెల్లు చవకగా దొరుకుతోంది. ఈ సైజులో మంచి సెల్లు సామర్థ్యం మామూలుగా 2000 నుంచి 3500 మిల్లీ ఆంపియర్ అవర్లే. అంకె చూసి మోసపోరాదు. మంచి సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. కిరాణా కొట్టు కాటాలో వేస్తే గుట్టు తెలిసిపోతుంది. ఐ.ఎస్. 16046 ముద్ర, 'ఆర్'తో మొదలయ్యే నంబరు చూసి, రశీదు అడగాలి.

పైతొడుగు చిరిగిన సెల్లు వాడరాదు. విడి సెల్లును చిల్లరతో, తాళంచెవులతో కలిపి జేబులో వేస్తే కొసలు కలిసి నిప్పు పుడుతుంది. గడ్డివాము పక్కన ఛార్జింగు పెట్టరాదు.

రైతు జాగ్రత్త ఒక్కటే చాలదు. నకిలీ సరకు అమ్మే దుకాణాలను అధికారులు తనిఖీ చేయాలి. పాత బ్యాటరీలను చెత్తలో కలపరాదని 2022 నిబంధనలు చెబుతున్నాయి. వాటికోసం ప్రతి పంచాయతీ ఒక పెట్టె పెట్టాలి. పూరిల్లు కాలాక విచారణ జరిపి ప్రయోజనమేమిటి?